వీధి పెట్టిన పేరు

“ఇక్కడ నీ సాక్షి సంతకం కావాలి నాన్నా,” అంటూ కూతురు ఒక కాగితాన్ని పనిబల్ల మీద పెట్టింది.

తాళంచెవికి పళ్లు దిద్దుతున్న తండ్రి ఆకురాయి ఆపి చూశాడు. ‘ఇంటిపేరు మార్పు కోసం దరఖాస్తు’ అని లావుపాటి అక్షరాలు. ఆ తర్వాత చదవబుద్ధి కాలేదు. పెళ్లయి ఏడాదైనా తిరగలేదు. ఉన్నది ఒక్కగానొక్క కూతురు. ‘తాళాల’ అన్న ఇంటిపేరు ఇక తనతో సరి.

అల్లుడు కొట్టు బయటే స్కూటరుకు ఆనుకుని నిలబడ్డాడు. లోపలికి రావడానికి ముఖం చెల్లలేదు కాబోలు.

“ఆ మహానుభావుడి సలహానా?”

“ఆలోచన ఆయనదే. నేనూ సరేనన్నాను.”

ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా అని అడిగాడు. తెలుసంది. అయినా ఆయన ఊరుకోలేదు. వరద ముంచుకొచ్చిన ఏడాది వీధి వీధంతా ఇళ్లకు తాళాలేసి, చెవుల గుత్తులన్నీ ముత్తాత చేతిలో పోసి వెళ్లిపోయిందనీ, అరవై ఇళ్ల తాళంచెవులు నడుముకు కట్టుకుని ఆయన డాబా మీద పదకొండు రోజులు ఒంటరిగా కాపలా కాశాడనీ, అందరూ తిరిగొచ్చి చూసుకుంటే ఏ ఇంట్లోనూ చెంచా కూడా పోలేదనీ చెప్పుకొచ్చాడు. అంతకుముందు వాళ్లకు వేరే ఇంటిపేరేదో ఉండేదట. అదేమిటో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

“మనం తగిలించుకున్న పేరు కాదమ్మా అది. వీధి పెట్టింది. ఆ వీధిలో మేడలున్నవాళ్లు బోలెడుమంది. ఒక్కడికైనా పెట్టారా?”

“ఇదంతా ఆయనకి పోయిన నెలే చెప్పాను నాన్నా.”

“విని కూడా ఇది పట్టుకొచ్చాడన్నమాట.”

“విన్నాకే పట్టుకొచ్చారు,” అంది కూతురు.

చదువుకున్నవాళ్లకు కాగితం మీద ఉన్నదే పేరు. ఏడో తరగతి దాటని తను వాళ్లతో వాదించి నెగ్గేదేముంది? పైగా అంత చదువు చెప్పించింది తనే. ఇంకెవరినో అని ఏం లాభం.

జేబులోంచి కలం తీసి, సాక్షి గడి కోసం కాగితం అడుగున వెతికాడు. దాని పై వరస కంటపడింది. ‘కోరుతున్న ఇంటిపేరు: తాళాల.’

“మీ ఆయనకి దరఖాస్తు నింపడం కూడా రాదు. మన పేరు పాత ఇంటిపేరు గడిలో కదా ఉండాలి? తిరగేసి రాశాడు.”

“సరిగ్గానే రాశారు. పైనుంచి చదువు.”

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు.

దరఖాస్తు పెట్టుకున్నది అల్లుడు.