స్తంభం నోట ఒక్కటే పేరు

విశాఖలో వీధికో వార్తల స్తంభం వచ్చి మూడేళ్లయింది. వీధిలో ఎవరేం చేశారో అదే పసిగట్టి, పొద్దున్నే ఆరింటికి, ఆడవాళ్లు ముగ్గులేసే వేళ, పైకి చదువుతుంది. అది చెప్పనిది జరగనట్టే లెక్క. వరహాలమ్మ చెవిన పడేది మాత్రం రోజూ ఎదురింటి కనకరత్నం పేరే. మొక్కలు నాటింది కనకరత్నం, కుక్కలకి నీళ్లు పెట్టింది కనకరత్నం, కాలవలో పూడిక తీసింది కనకరత్నం. వింటుంటే వరహాలమ్మకి ఒళ్లు మండిపోయేది.

ఆవేళ ఐదింటికే లేచి, చీర ఎగ్గట్టి, కాలవ పూడికంతా తనే ఎత్తిపోసింది. చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడింది.

"కాలవ శుభ్రమైంది. ఎప్పటిలాగే కనకరత్నం గారికి ధన్యవాదాలు" అంది స్తంభం.

వరహాలమ్మ చీపురు తీసి స్తంభం మీదకి విసిరింది.

కనకరత్నమే పరుగున వచ్చింది. "అయ్యో, నాకేటీ తెలీదొదినా! ఉండు, ఇప్పుడే దిద్దించేస్తాను" అంటూ స్తంభానికి గట్టిగా చెప్పింది: "ఇదిగో, చేసింది నేను కాదు, మా వరహాలమ్మొదిన!"

మర్నాడు వరహాలమ్మ పట్టుచీర కట్టుకుని మరీ ముగ్గేసింది.

"నిన్నటి వార్తకి సవరణ," అంది స్తంభం. "తనది కాని గొప్ప తనకొద్దన్న కనకరత్నం గారి నిజాయితీకి వీధంతా జేజేలు. పూడిక తీసింది వారి ఎదురింటావిడ."