పది నంబరు స్పానర్

"మీరు సంతకం పెట్టకపోతే లూబెన్ పెడతాడు. విమానం మాత్రం సాయంత్రం ఎగిరి తీరుతుంది," అన్నాడు కల్చెవ్.

రుమ్యానా చేతిలోని కాగితాలను అతని బల్ల మీద పడేసింది. బుర్గాస్ విమానాశ్రయంలోని ఆ విమానాల షెడ్డులో, మరమ్మతు అయిన ప్రతి విమానాన్నీ చివరిసారి పరీక్షించి, ఎగరవచ్చని సంతకం పెట్టేది ఇద్దరే. ఒకరు ఆమె, రెండోవాడు లూబెన్. కల్చెవ్ ఇద్దరికీ పై అధికారి. వయసులో మాత్రం ఇద్దరికంటే చిన్నవాడు.

"చుక్కాని పెడల్ తొక్కితే తోక లోపల ఏదో రాసుకుంటోంది. విప్పి చూడందే నేను పెట్టను."

"కొలతలన్నీ హద్దులోనే ఉన్నాయి కదా?"

"ఉన్నాయి. నా చెవులు కూడా హద్దులోనే ఉన్నాయి."

"తోక విప్పి మళ్ళీ బిగించాలంటే రెండు రోజుల పని. అవతల టెర్మినల్‌లో నూట ఎనభై మంది పిల్లాపాపలతో కూర్చున్నారు."

"నేను మాట్లాడేదీ వాళ్ళ గురించే."

కల్చెవ్ ఓపిక అక్కడితో అయిపోయింది. "మీతో విసిగిపోయాను రుమ్యానా గారూ. రేపటినుంచి రానక్కర్లేదు. హాయిగా ఇంట్లో కూర్చుని చలికాలం పచ్చడికి మిరపకాయలు కాల్చుకోండి."

"నా మిరపకాయలు నేను కాల్చుకుంటాను. మీరు మనుషుల్ని కాల్చకండి."

ఇంతలో లూబెన్ వచ్చాడు. అతని సంతకమంటే ఆ షెడ్డులో అందరికీ నవ్వులాటే. ఖాళీ కాగితం తలుపు కింద నుంచి తోసినా సంతకంతో తిరిగి వస్తుందని మెకానిక్ గెంచో అంటుంటాడు. ఇరవై ఏళ్ళలో లూబెన్ పై వాళ్ళకి కాదని చెప్పగా విన్నవాళ్ళు లేరు.

"లూబెన్, పొద్దున పెడల్ తొక్కినప్పుడు నా పక్క సీట్లోనే ఉన్నావు. ఆ రాపిడి నువ్వూ విన్నావు. చెప్పు," అంది రుమ్యానా.

లూబెన్ కిటికీ వైపు చూశాడు. "కొలతలు బాగానే ఉన్నాయిగా అక్కా. బాస్ చెప్పాక ఇంక మనదేముంది?"

"ఛీ. నువ్వూ ఒక మనిషివేనా?"

లూబెన్ బయటికి నడిచాడు. ఎప్పటిలాగే విమానం చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. కాగితాలు ముందు పెట్టుకుని పెన్ను మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు.

"పనిముట్ల పెట్టె ఒక్కసారి చూసుకుందామా బాస్? ఉత్తినే, పద్ధతి ప్రకారం."

"సరే, తొందరగా కానివ్వు."

గెంచో పెట్టె తెరిచాడు. లోపల స్పాంజిలో ఒక్కో పనిముట్టుకీ ఒక్కో గాడి. ఒక గాడి ఖాళీగా ఉంది. పది నంబరు స్పానర్ లేదు.

పెట్టెలో ఒక పనిముట్టు తగ్గిందంటే అది విమానం లోపలే పడి ఉండవచ్చు. దొరికేదాకా ఆ విమానానికి సంతకం పెట్టే అధికారం ఎవరికీ లేదు, కల్చెవ్ మీద ఉన్న వాళ్ళకి కూడా.

"నేను పెడదామనే వచ్చాను బాస్," అన్నాడు లూబెన్ నసుగుతూ. "కానీ ఇది తేలకుండా పెడితే రేపు మీకే తలనొప్పి."

కల్చెవ్ రుమ్యానా వైపు తిరిగాడు. "ఇది మీ పనే. బ్యాగు తెరవండి."

రుమ్యానా బ్యాగు అక్కడే బల్ల మీద బోర్లించింది. తాళంచెవులు, కళ్ళజోడు, పొద్దుతిరుగుడు గింజల పొట్లం, సగం తిన్న బనిత్సా జున్ను రొట్టె ముక్క పడ్డాయి. కోటు జేబులు కూడా బయటికి లాగి చూపించింది.

"ఇంకా అనుమానముంటే మీ ఆవిడని పిలిపించండి. తను వెతికితే నాకేం అభ్యంతరం లేదు."

గెంచో నవ్వు ఆపుకుని, "నేను చివరిసారి వాడింది వెనక టాయిలెట్ పంపు బిగించేటప్పుడు," అన్నాడు. "బిగించి పెట్టెలో పెట్టినట్టే గుర్తు. ఏమో మరి, ఆ గోడ వెనక్కి జారిందేమో."

"అయితే గోడ విప్పాల్సిందే," అంది రుమ్యానా. "అక్కడ లేకపోతే, దాని వెనకే ఉన్న తోక కూడా."

కల్చెవ్ పళ్ళు నూరాడు కానీ కాదనలేకపోయాడు. గోడ విప్పారు. స్పానర్ లేదు. తోక లోపలి రేకులు విప్పారు. మెకానిక్‌లని పక్కకి తప్పుకోమని రుమ్యానా టార్చి పట్టుకుని తనే లోపలికి దూరింది.

"బాస్, ఇలా రండి," అని పిలిచింది చివరికి. "కొలతలు చూద్దురుగాని."

చుక్కానిని లాగే ఉక్కుతీగ, వంగిపోయిన ఒక కమ్మీకి రాసుకుని అరిగిపోయింది. పేటలు పేటలుగా తెగి, రెండు మూడు పేటల మీద వేలాడుతోంది. గాల్లో ఒక్కసారి పెడల్ గట్టిగా తొక్కితే అవీ తెగేవి.

కల్చెవ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. టెర్మినల్‌కి ఫోన్ చేసి ప్రయాణం రద్దయిందని చెప్పాడు. ఆమె ముఖం చూడకుండా, "రేపు మామూలుగా రండి," అన్నాడు.

"వస్తాను. ఇందాకటి మాటకి క్షమాపణ అడుగుతారుగా, అందరి ముందూ అడగండి. నాకు సిగ్గేం లేదు."

స్పానర్ మాత్రం తోకలోనూ దొరకలేదు. దొరికితే దానికి బంగారు పూత పూయిస్తానంటూ గెంచో మిగతావాళ్ళని వెంటేసుకుని సిగరెట్టుకి బయటికి నడిచాడు. పెట్టె దగ్గర రుమ్యానా, లూబెన్ మిగిలారు. ఆమె కోపం ఇంకా చల్లారలేదు.

"పెట్టె చూసుకుందామన్నావు కాబట్టి బతికిపోయావు. లేకపోతే ఆ నూట ఎనభై మంది ఉసురూ నీకు తగిలేది."

"అవునక్కా."

"నిజం చెప్పు. పొద్దున ఆ రాపిడి నీకు వినపడలేదా?"

లూబెన్ వంగి, తన మేజోడులోంచి పది నంబరు స్పానర్ తీశాడు.