మిగిలిన గుండీ

"తెల్లవి యాభై. నల్లవీ యాభై."

డబ్బా అడుగున ఇంకొక్క గుండీ మిగిలింది. కాజాలక్క కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి దాన్ని పైకి తీసింది. కుట్టే హాలువాళ్ళ చప్పట్లు మోగాక గానీ కళ్ళు తెరవలేదు.

నల్లది.

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో పనివాళ్ళు నూట ఒక్కరు. కుట్టే హాల్లో యాభై ఒక్కరు. కత్తిరింపు, కాజాలు, ఇస్త్రీ అన్నీ కలిపి యాభై మంది; కాజాలక్క వీళ్ళలో మనిషి. కార్మికుల కమిటీలో కుర్చీలు ఐదు. ఎక్కువ ఓట్లొచ్చిన జట్టుకి ఐదుకి ఐదూ వెళ్ళిపోతాయి. అంచేత ఎనిమిదేళ్ళుగా ఐదింట్లోనూ కుట్టే హాలువాళ్ళే కూర్చున్నారు. వాళ్ళ హాలుకి కొత్త ఫ్యాన్లొచ్చాయి, మంచినీళ్ళ యంత్రం వచ్చింది. ఇస్త్రీ గదికి కిటికీ మాత్రం రాలేదు.

ఆ గదిలో కాజాలక్క చెల్లెలు మూడేళ్ళుగా ఆవిరి మింగుతోంది. అక్కతోపాటే కుట్టు నేర్చుకుంది గానీ, చేరేనాటికి మిషన్లు ఖాళీ లేక ఇస్త్రీకి తోశారు. ఇప్పుడు పిల్లకి దగ్గు పట్టుకుంది. రెండు పొట్టిగా, ఒకటి పొడుగ్గా దగ్గుతుంది. ఎంత గోలలో ఉన్నా కాజాలక్క ఆ దగ్గు గుర్తుపడుతుంది. 

అందుకే నెల కిందట కమిటీకి పెద్ద అయిన కాలర్ మేస్త్రిని నిలదీసింది.

"ఒక్క మనిషి ఎక్కువున్నందుకు ఐదు కుర్చీలూ మీకేనా అన్నా? మిగతా యాభై మందిమీ మనుషులం కామా?"

"గెలిచినవాడిదే కమిటీ. ఎక్కడైనా అంతే."

"ఎన్ని ఓట్లొస్తే అన్ని కుర్చీలు ఇద్దాం. ఇరవై ఓట్లకి ఒకటి చొప్పున చెరి రెండు, మిగిలిన ఐదోది ఒక్క ఓటు ఎక్కువున్న మీకు. మీకు మూడు, మాకు రెండు. అప్పుడూ పైచెయ్యి మీదేగా!"

"మీ ఇద్దరూ అన్నిటికీ అడ్డం తిరిగితే పని సాగేదెట్లా?"

"అడ్డం తిరగం. కిటికీ అడుగుతాం. మీకిష్టం లేకపోతే కాదనండి. కానీ మేం కూర్చుని అడగాలి, మీరు మా మొహం చూసి కాదనాలి."

మేస్త్రి నవ్వాడు. "అంత సరదాగా ఉంటే దానిమీదే ఓటు పెట్టించు."

పెట్టించింది. కాగితాలైతే చేతిరాత పట్టేస్తారని గుండీలు పెట్టమన్నదీ ఆమే. మనిషికో తెల్లది, ఓ నల్లది. మార్పు కావాలంటే తెల్లది, వద్దంటే నల్లది. తెర వెనక్కి వెళ్ళి ఒకటి డబ్బాలో వెయ్యాలి, రెండోది గుప్పిట్లో దాచుకుని పట్టుకుపోవాలి. ఎంత పకడ్బందీగా ఆలోచించానో అని తనలో తనే మురిసిపోయింది.

కావలసినవి యాభై ఒకటి. తమవాళ్ళు యాభై మంది ఉండనే ఉన్నారు. ఆ ఒక్కటీ ఇస్తానన్నది కుట్టే హాల్లో చీకటి మూల కూర్చునే ముసలి దర్జీ. అందరికీ తాత. "నా తెల్లది నీదే అమ్మాయ్" అని చేతిలో చెయ్యేసి మరీ చెప్పాడు.

సాయంత్రం గేటు దగ్గర తాత ఎదురుపడేసరికి కాజాలక్కకి ఒళ్ళు మండిపోయింది.

"ఎంతకి అమ్ముడుపోయావు తాతా?"

"నేను తెల్లదే వేశానమ్మాయ్."

"అవును మరి! నల్లది దానంతటదే నడిచొచ్చి డబ్బాలో దూకింది. కిటికీ పక్క మిషను ఖాళీ అయి నెలయింది. చూపు ఆనట్లేదని మేస్త్రి చుట్టూ తిరుగుతూనే ఉన్నావుగా. రేపణ్ణించి నీకు వెలుతురే వెలుతురు, కూర్చో!"

గేటు దగ్గర పదిమంది ఆగి చూశారు. తాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. 

చెల్లెలు ఏడుస్తూ చెయ్యి పట్టి లాగింది. "వదిలెయ్ అక్కా. పెద్దాయన. ఇంటికెళ్దాం పద."

దీనికింత మెత్తని మనసు కాబట్టే అందరూ తొక్కేస్తున్నారు అనుకుంది కాజాలక్క.

ఇంట్లో చెల్లెలు అన్నం కెలికి వదిలేసింది. "మళ్ళీ పోరాడదాం. నీకు కిటికీ తెచ్చేదాకా వదలను" అంది కాజాలక్క.

"నాకోసం నువ్వు పడ్డ పాట్లు చాలక్కా" అంది చెల్లెలు, గోడవైపు తిరిగి. మర్నాడు అక్క లేచేసరికే తయారై ముందు బస్సుకి వెళ్ళిపోయింది.

కాజాలక్క వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుందో లేదో, తాత వచ్చి ఎదురుగా గుప్పిట విప్పాడు. అరచేతిలో నల్ల గుండీ.

"ఇది నాకు మిగిలింది" అన్నాడు.

 నల్లది మిగిలిందంటే డబ్బాలో పడింది తెల్లదేగా! పదిమందిలో ఎన్నేసి మాటలంది!

"తాతా, నన్ను క్షమించు. తప్పయిపోయింది."

"మిగిలింది తెల్లదైతే తెచ్చి చూపించమన్నాడు మేస్త్రి. చూపిస్తే కిటికీ పక్క మిషను ఇస్తానన్నాడు. ఆ మాట నాకొక్కడికే చెప్పాడనుకున్నాను."

అంటే అమ్ముడుపోయింది తమ యాభైమందిలోనే ఒకరు. కత్తిరింపువాళ్ళలో ఎవడో అయ్యుంటాడు. ఆ కిటికీ పక్క మిషను దగ్గరే దొరుకుతాడు, వాడి మొహం మీదే అడిగేద్దామని కాజాలక్క విసురుగా కుట్టే హాల్లోకి వెళ్ళింది. మేస్త్రి బల్లమీద, సుద్దముక్కల పక్కన, ఒక్క తెల్ల గుండీ ఉంది. మిషన్లన్నీ ఒక్కసారిగా రొద పెడుతున్నాయి. కిటికీలోంచి పడే ఎండకి కళ్ళు చెదిరి, ఆ మిషను దగ్గర కూర్చున్న మనిషి ఎవరో ఆనలేదు.

ఆ మనిషి దగ్గింది, రెండు పొట్టిగా, ఒకటి పొడుగ్గా.