చెవిపూస లేని కొండ

మారేడుమిల్లి కొండమీద చెక్క క్యాబిన్ మూడు రోజుల కోసం అద్దెకు దొరికింది. చిక్కు ఒక్కటే, అక్కడ చెవిపూసలు పనిచెయ్యవు. ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా ఏం మాట్లాడాలో చెవిలో చెప్పే ఆ పూసల పుణ్యమా అని, చక్రధర్, మాలిని పెళ్లయిన ఏడేళ్లలో ఒక్కసారీ పోట్లాడుకోలేదు.

"ముందు ఇంట్లోనే తీసి చూద్దాం. అక్కడికెళ్లి కొట్టుకుంటే దిగి రావడానికి బండి కూడా దొరకదు," అంది మాలిని.

పూసలు రెండూ తీసి పోపులపెట్టెలో పెట్టి, సామాను సర్దడానికి కూర్చున్నారు. చక్రధర్ మూడు పొట్లాల ఉప్మారవ్వ సంచిలో వేశాడు.

"ఉప్మా నాకస్సలు పడదు," అనేసి మాలిని నాలిక కరుచుకుంది.

"ప్రతి ఆదివారం నీకోసమే కదా చేస్తున్నాను! బాగుందనేదానివి!"

"పూస అనమంది."

"నువ్వు చెప్పొచ్చుగా!" చక్రధర్ అరిచాడు. తన అరుపుకి తనే ఉలిక్కిపడ్డాడు.

మాలిని కూడా అరిచింది. ఉప్మా దగ్గర మొదలైన గొడవ అత్తగారి దాకా పోయి, మధ్యాహ్నానికి ఎందుకో నవ్వులోకి తిరిగింది. పోపులపెట్టె జోలికి ఎవరూ పోలేదు.

సాయంత్రం మాలిని క్యాబిన్‌వాళ్లకి ఫోన్ చేసింది.

"ఇంకో రెండు రోజులు పెంచుతారా? మూడు మాకు చాలవండీ. ఏడేళ్ల పోట్లాట మిగిలిపోయింది."