దయ్యం లేని ఆట

నాలుగో రోజు మ్యాట్నీకల్లా సినిమాలోంచి దయ్యం మాయమైపోయింది.

ఆ సంగతి మేనేజరుకి హాల్లో తెలియలేదు. మర్నాడు పొద్దున ఇంట్లో టీ తాగుతుంటే తెలిసింది.

"ఆ పిల్ల కిటికీ దగ్గర ఊరికే కూర్చుంటుంది చూడు, అక్కడే నా ప్రాణాలు పోయాయి," అంది చెల్లెలు. ఆమె మొదటి రోజే చూసింది. "ఇప్పటికీ లైటు వేసుకునే పడుకుంటున్నాను వదినా."

"ఎందుకు పోవడం?" అంది భార్య. ఆమె చూసింది నిన్న మ్యాట్నీ. "నాకైతే జాలేసింది. ఇంట్లో అంతమంది ఉండి ఆ పిల్లని ఒక్కరూ పలకరించరు. కంచం కూడా పెట్టరు. అంత తప్పు ఏం చేసిందని?"

"చచ్చిపోయిన పిల్లకి కంచం ఎవరు పెడతారు?"

"చచ్చిపోవడమేంటి? ఎప్పుడు?"

"క్వారీ గుంటలో మునిగిపోయిందిగా! నువ్వు నిద్రపోయుంటావు."

"నీలాగా హాల్లో గురక పెట్టే అలవాటు నాకు లేదమ్మా. గుంట దాకా వెళ్లింది. తర్వాత ఇంట్లో ఉంది, తడి జుట్టుతో. స్నానం చేసొచ్చిందనుకున్నాను."

మేనేజరు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

హాలుకి వెళ్లేసరికి ఫోను మోగుతోంది. సినిమా పంపిణీదారు.

"మా సినిమాలో దయ్యమే లేదని నిన్న రాత్రి మీ ఊరి నుంచి ఎవరో ఫోను చేశారయ్యా. ఈ రోజు మ్యాట్నీకి మనిషిని పంపుతున్నాను. ప్రింటులో ఒక్క అడుగు ఫిల్ము తగ్గినా నువ్వూ, నీ ఆపరేటరూ ఇంట్లో కూర్చోవాల్సిందే."

ఆ హాలుకొచ్చి రెండు నెలలే అయింది మేనేజరుకి. మార్నింగ్ షో అంతా వెనక గోడకి ఆనుకుని నిలబడి చూశాడు. పొగమంచు. నీళ్ల చప్పుడు. సగం తెరిచిన తలుపు. పిల్ల గుంట గట్టు మీద చెప్పులు విప్పింది. మరుక్షణం కిటికీ దగ్గర కూర్చుని ఉంది.

దయ్యం ఎక్కడికీ పోలేదు. చావు పోయింది, అంతే.

ఆట వదిలాక మెట్ల మీద జనం వాదించుకుంటున్నారు.

"మంచు చూసి చూసి నాకు జలుబు చేసింది," అన్నాడు లెక్కల మాస్టారు. "దయ్యం సినిమా అన్నారు. దయ్యమేదీ?"

"అదేంటి మాస్టారూ, అలా అంటారు? నాకిది రెండోసారి," అన్నాడు టైలరు. "మొన్న చూసినప్పుడు చెమటలు పట్టాయి. ఇవాళెందుకో భయం వెయ్యలేదు. అలవాటైపోయిందేమో."

"పిల్లని ఇంట్లోవాళ్లు వెలేశారు. అదీ కథ," అంది మాస్టారి భార్య కళ్లు తుడుచుకుంటూ.

మేనేజరు పైకి, ప్రొజెక్టరు గదిలోకి వెళ్లాడు.

ఆపరేటరు నాలుగో రీలు వెనక్కి చుడుతున్నాడు. యాభై దాటిన మనిషి. మేనేజరు హ్యాండిల్ ఆపి, ఫిల్ము వేళ్ల మధ్య పెట్టుకుని నెమ్మదిగా లాగాడు. అతుకు తగిలింది. కొత్త అతుకు. నీటుగా ఉంది.

"ఇదేంటి?"

"అతుకు సార్."

"అది నాకూ తెలుసు. ముక్కేది?"

ఆపరేటరు సంచీలోంచి చిన్న ఫిల్ము చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. కాదనలేదు.

త్వరగా ఇంటికి పోవడానికి పాటలు కత్తిరించే ఆపరేటర్ల గురించి మేనేజరు విన్నాడు. చావుని కత్తిరించినవాడి గురించి వినలేదు.

"రెండున్నర నిమిషాలు మిగుల్చుకుని ఏం చేస్తావయ్యా? మీ ఆవిడ కూరలో ఉప్పేసే లోపు వెళ్లిపోవాలా?"

ఆపరేటరు రీలు పక్కకి జరిపాడు.

"గంటలో పంపిణీదారు మనిషొస్తాడు. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. అతికించు."

"అతికిస్తాను సార్. మెషీను మాత్రం మీరు నడపండి."

"నాకు రాదని తెలిసే అంటున్నావా?"

"లేదు సార్. నాకు చేతకాక అంటున్నాను. మూడు రోజులు నడిపాను. రోజుకి నాలుగాటలు. పన్నెండుసార్లు మునిగింది."

"సినిమాలో ఎవరో మునిగితే నీకేంటయ్యా?"

ఆపరేటరు చుట్ట అంచుకి అంటిన దుమ్ము చొక్కా కొనతో తుడిచాడు.

"మా అమ్మాయి సార్."

కింద హాల్లో ఎవరో కుర్చీల మధ్య ఊడుస్తున్నారు. చీపురు చప్పుడు పైదాకా వినిపిస్తోంది.

"పదకొండేళ్లు. షూటింగుకి పిల్ల కావాలంటే నేనే తీసుకెళ్లాను. పోయిన చలికాలం. ఈ ముక్క పొద్దున్నే తీశారు, మంచు కావాలని. ఆ సాయంత్రమే జ్వరం. ఊపిరితిత్తులకి నిమ్ము పట్టిందన్నారు డాక్టరు. తొమ్మిదో రోజుకి పోయింది." రేడియోలో వాతావరణ వార్తలు చదువుతున్నట్టు చెప్పాడు. "మిగతా సినిమా అంతా ఆడిస్తాను సార్. కిటికీ దగ్గర కూర్చుంటుందిగా, అక్కడ బానే ఉంటుంది."

మేనేజరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ముందే చెప్తే ఈ సినిమా వేసేవాణ్ణి కాదుగదయ్యా."

"మన హాల్లో వెయ్యకపోతే పక్క హాల్లో వేస్తారు సార్."

"అసలు వాడు మనిషేనా, ఆ డైరెక్టరు? అంత చలిలో చిన్నపిల్లని నీళ్లలో ముంచి తీస్తాడా? ఒక ముక్క రాసివ్వు. కేసు పెట్టిద్దాం. నేను వస్తాను నీతో."

ఆపరేటరు తల అడ్డంగా ఊపాడు. ఫిల్ము చుట్ట విప్పి, అతికించడానికి కొన వెతుక్కుంటూ చెప్పాడు.

"ఆయన్నేమీ అనకండి. మొదటిసారే బాగా వచ్చింది, ఇక చాలు, పిల్లకి దుప్పటి కప్పండన్నాడు సార్ ఆయన. ఇంకొక్కసారి మునగమ్మా, ఇంకా బాగా వస్తుందని గట్టు మీంచి అరిచింది నేను."