రెండు గంటల పళ్లసెట్టు

"టైము రాసుకున్నాను. ఇక మొదలుపెట్టండి డాక్టరుగారూ," అన్నాడు ఇన్సూరెన్సు ఆఫీసరు, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

ఈ పనికి నిజంగా ఎంతసేపు పడుతుందో దగ్గరుండి చూడ్డానికే కంపెనీ ఆయన్ని పంపింది. పళ్లసెట్టు నోట్లో అమర్చి సరిచేయడానికి రెండు గంటలు పడుతుందని, దానికి తగ్గ ఫీజే కంపెనీ ఇవ్వాలని పళ్ల డాక్టర్ల సంఘం ఏళ్ల తరబడి పోట్లాడి సాధించుకుంది. ప్రతి బిల్లు మీదా ఈ డాక్టరు రెండు గంటలనే రాశాడు. చేసింది మాత్రం నలభై నిమిషాలు. ఆ సంగతి ఇవాళ బయటపడితే సంఘం సాధించిన ఫీజు మొత్తానికే ఎసరు. తోటివాళ్ల ముందు ఇక తలెత్తుకోలేడు.

పేషెంటు కుర్చీలో ఉన్న పెద్దావిడకు ఆరేళ్లలో ఇది మూడో సెట్టు. పెట్టింది పెట్టించుకుని వెళ్లడమే తప్ప నోరు మెదిపే మనిషి కాదు.

సరే, నాటకం మొదలైంది. రంగు కాగితం కొరికించాడు, గుర్తు పడ్డచోట అరగదీశాడు, మళ్లీ కొరికించాడు. ఒక్కసారితో సరిపెట్టే పనిని ఏడుసార్లు చేశాడు. చిగుళ్లన్నీ వేలితో తడిమాడు. పేపరు చేతికిచ్చి గట్టిగా చదవమన్నాడు. పాపం, ఆవిడ బంగారం ధర మొదలుకొని వాన కబురు దాకా చదివేసింది. గడియారం ముల్లు కదిలితే ఒట్టు! పెద్దావిడను అడ్డం పెట్టుకుని దొంగాట ఆడుతున్నానే అని ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది. మొహానికి మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది.

రెండు గంటల అయిదు నిమిషాలకు పని ముగించాడు. ఆఫీసరు అది రాసుకుని ఆవిడ వైపు వంగాడు.

"ఎప్పుడూ ఇంతసేపు పడుతుందామ్మా?"

డాక్టరు గ్లవ్సు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు.

ఆవిడ డాక్టరు వైపు ఓసారి చూసింది. "ఎప్పుడూ ఇంతే బాబూ," అంది.

ఆఫీసరు ఆవిడ చేత సంతకం పెట్టించుకుని, ఫీజు న్యాయమైనదేనని పైవాళ్లకు రాస్తానని చెప్పి వెళ్లిపోయాడు. తలుపు మూసుకోగానే డాక్టరు స్టూలు మీద కూలబడ్డాడు. దొరికిపోయినా ఇంత సిగ్గనిపించేది కాదేమో. జాలిపడి కాపాడిందనుకుంటే ప్రాణం చచ్చిపోయింది.

"నాకోసం అబద్ధం ఎందుకు చెప్పారమ్మా?" అన్నాడు తల దించుకునే.

"మీకోసమని ఎవరన్నారు? ఇకమీదట కూడా ఇంతసేపూ చేస్తారనే చెప్పాను," అంది ఆవిడ, కుర్చీలోంచి మెల్లగా లేస్తూ.

"ఆరేళ్లలో నొప్పి లేకుండా పళ్లు కుదిరింది ఇవాళే."