మూడు పిలుపులు

భూకంపానికి కూలిన ఇంటి గోడ మీద ఎర్రరంగుతో అడ్డగీత గీసి సహాయక బృందం అధికారి ముందుకు కదిలాడు. ఆ గీత ఉంటే లోపల బతికినవాళ్ళెవరూ లేరని అర్థం. తవ్వే యంత్రం ఇక ఆ ఇంటికి రాదు.

"సార్, మా మామగారు లోపలే ఉన్నారు!" కోడలు దారికి అడ్డంగా నిలబడింది.

"మూడుసార్లు పిలిచాం కదమ్మా, పలకలేదు. రూలు ప్రకారం అంతే."

"ముప్పైసార్లు పిలిచినా పలకరు. ఆయనకి బొత్తిగా వినపడదు. నిన్నట్నుంచీ మీ ఆఫీసులో అందరికీ చెబుతూనే ఉన్నాను."

"ఫారంలో ఆ గడి లేదమ్మా."

"చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే సార్. అక్కడ మీరు ఊదారు, ఇక్కడ నేను ఊదుతున్నాను."

అతని చేతిలోని టార్చి లాక్కుని ఆమె శిథిలాల సందు దగ్గర బోర్లా పడుకుంది. మామగారి గదికి గంట ఉండేది కాదు. బయట మీట నొక్కితే లోపల బల్బు వెలిగి ఆరేది. ఆమె టార్చిని అలాగే వెలిగించి ఆర్పింది. మళ్ళీ వెలిగించింది.

ఎక్కడో లోతు నుంచి విసుగ్గా ఒక గొంతు వచ్చింది. "వస్తున్నానమ్మా, ఆగు! కాలు రావట్లేదు!"

అధికారి యంత్రం కోసం గట్టిగా కేకలు వేశాడు. తర్వాత అతని చూపు వెనక్కి, వీధి పొడవునా సాగింది. పొద్దుటి నుంచి మూడేసిసార్లు పిలిచి, జవాబు రాక, అతను గీత గీసి వచ్చిన ఇళ్ళు ఇరవై ఆరు. వాటి ముందు అతనికి అడ్డం నిలబడినవాళ్ళెవరూ లేరు.